రెండు మూడు దేశాల పారిశ్రామికీకరణను ఎలా పోల్చాలి?

బ్రిటన్ ముందు, జపాన్ వెనక, మనం ఇంకా వెనక అని తేదీలు వరసగా పేర్చేసి పోలిక అయిపోయిందనుకుంటారు చాలామంది. పరీక్ష పేపర్లలోనూ ఇదే చూస్తుంటాం. నిజానికి బొంబాయిలో కావస్‌జీ దావర్ నూలు మిల్లు కంపెనీ పెట్టింది 1854లో. అప్పటికి జపాన్‌లో మిల్లే లేదు! కాబట్టి తేదీలు కాసేపు పక్కన పెట్టండి.

1. ఒక్కో దేశానికి ఒక్క మిల్లు చాలు. ఇంగ్లండ్‌కు క్రామ్‌ఫర్డ్ (1771), జపాన్‌కు టొమియోకా (1872), మనకు దావర్ మిల్లు. టొమియోకాలో తీసింది పట్టు దారం, మిగతా రెండూ పత్తి నూలువి. ఆ తేడా నోట్సులో రాసుకోండి.

2. డబ్బు ఎవరిదో చూడండి. క్రామ్‌ఫర్డ్ పెట్టిన ఆర్క్‌రైట్ ఒకప్పుడు మంగలి పని చేసినవాడు. మేజోళ్ల వ్యాపారులు పెట్టుబడి పెట్టారు. బొంబాయిలోనూ వ్యాపారులే. టొమియోకా మాత్రం సర్కారు సొమ్ము. 1893లో మిత్సుయి అనే ప్రైవేటు వ్యాపార సంస్థకు అమ్మేశారు.

3. పనికి ఎవరొచ్చారో అడగండి. క్రామ్‌ఫర్డ్‌లో చాలామంది పిల్లలే. టొమియోకాకైతే మొదట్లో ఎవరూ రాలేదు. అక్కడ పని నేర్పడానికి వచ్చిన ఫ్రెంచివాళ్లు మనుషుల రక్తం తాగుతారని పుకారు. వాళ్లు తాగేది ఎర్ర వైన్. చివరికి మిల్లు అధికారి ఒడాకా తన కూతురు యూను ముందుగా పనిలో చేర్చాడు.

4. చట్టం ఎవరి పక్షమో తేల్చుకోండి. ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టాలి. మన మచిలీపట్నం అద్దకం బట్టలకు యూరప్‌లో ఒకప్పుడు యమా గిరాకీ. అలాంటి అద్దకం నూలు బట్టలు కట్టుకోవడాన్నే బ్రిటన్ 1721లో చట్టం చేసి ఆపింది. 1774లో ఆ నిషేధం తీసేసింది. ఆ మధ్యలోనే క్రామ్‌ఫర్డ్ లేచింది. అదే బ్రిటన్ పాలనలో 1896లో, దిగుమతి బట్టతో సమానంగా మన మిల్లు బట్ట మీద కూడా 3.5 శాతం సుంకం వేశారు. ఇంగ్లండ్‌లో నూలు మిల్లులకు పేరున్న లాంకషైర్ యజమానులు ఊరుకోలేదు మరి.

జపాన్‌కు స్వేచ్ఛ ఉండేదనుకుంటాం. దానికీ లేదు. పాశ్చాత్య దేశాలతో చేసుకున్న 1866 ఒప్పందం ప్రకారం దిగుమతి సుంకం దాదాపు 5 శాతం దాటకూడదు. 1911 దాకా పూర్తి హక్కు రాలేదు. చేతులు రెండు దేశాలకూ కట్టేసే ఉన్నాయి. కానీ టోక్యోలో ఉన్నది వాళ్ల సొంత ప్రభుత్వం. సుంకం వేయలేకపోతే తనే మిల్లు కట్టింది.