పాత ఫోర్ బై ఫోర్ బండిలో ఆరని ఏబీఎస్ దీపం: సెన్సార్ కొనే ముందు వైరు చూడండి

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) దీపం వెలిగి, లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో ఎడమ ముందు చక్రం వేగం కొలిచే సెన్సార్ అని కనిపించగానే చాలామంది సెన్సార్ కొనేస్తారు. కొత్తది బిగించాక దీపం ఆరిపోతుంది, కొన్నాళ్లు అంతా బాగానే ఉంటుంది, ఆ తరువాత గతుకుల దారిలోనో వాగు దాటాకో అదే చక్రం మీద అదే కోడ్ తిరిగి వస్తుంది. ఆ కోడ్ నిజంగా చెప్పేది ఆ చక్రం నుంచి రావలసిన సంకేతం కంప్యూటర్‌కు సరిగా అందలేదని. సెన్సార్, దాని ఎదుట తిరిగే పళ్ల రింగు, రెండింటి మధ్య ఖాళీ, వైరు, కనెక్టర్లు, వీటిలో ఏది చెడినా ఇంచుమించు అదే కోడ్ పడుతుంది.

దీపం ఎప్పుడు వెలుగుతోందో గమనిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. ఇగ్నిషన్ వేసిన కొద్ది సెకన్లకు ఆరవలసిన దీపం అసలు ఆరకపోతే చాలావరకు సర్క్యూట్ తెగి గానీ షార్ట్ అయి గానీ ఉంటుంది, ఎందుకంటే బండి కదలకముందే కంప్యూటర్ దాన్ని పరీక్షించుకుంటుంది. ఒకసారి ఆరి, బండి కదిలాక వెలిగితే తిరిగే చక్రం నుంచి సంకేతం రావడం లేదు. పొడి రోడ్డు మీద మెల్లగా ఆగబోయే క్షణంలో బ్రేకు పెడల్ కాలి కింద దడదడలాడితే సంకేతం బలహీనపడింది, అంటే ఖాళీ పెరిగిందనో రింగు పగిలిందనో అనుమానించాలి. కాయిల్ రకం సెన్సార్ పుట్టించే వోల్టేజి చక్రం వేగంతో పాటే తగ్గుతుంది కనుక లోపం ముందుగా అక్కడే బయటపడుతుంది. గతుకుల్లో, స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు, నీళ్లలో దిగాక మాత్రమే వెలిగితే వైరు వైపు చూడాలి. ఏబీఎస్ దీపంతో పాటు ఎర్రటి బ్రేకు దీపం కూడా వెలుగుతుంటే ఇవన్నీ పక్కనపెట్టి, బండి నడపకుండా ముందు బ్రేకు ఆయిల్ చూడండి.

చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడడానికి ఒక్క నిమిషం పట్టదు, అయినా ఎక్కువమంది దాటవేసేది ఆ పరీక్షనే. బేరింగ్ లూజుగా ఉంటే సెన్సార్‌కూ రింగుకూ మధ్య ఖాళీ చక్రం తిరుగుతున్నంతసేపూ మారుతూ ఉంటుంది. చాలా బండ్లలో ఆ ఖాళీయే సుమారు 1 మిల్లీమీటరు కనుక కొద్దిపాటి లూజు కూడా సంకేతాన్ని చెడగొడుతుంది. సెన్సార్ మొనకు అయస్కాంతం లాక్కున్న ఇనుప రజను తుడవాలి. దాని సీటు కింద పేరుకున్న తుప్పు సెన్సార్‌ను రింగు నుంచి దూరంగా ఎత్తుతుంది, దాన్ని గీకి తీయాలి. పళ్ల సందుల్లో గట్టిపడిన బురద తీసి, రింగును ఒక పూర్తి చుట్టు తిప్పి పగుళ్ల కోసం చూడాలి.

వైరు లోపల తెగితే

ఈ పనిలో నా సమయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తిన్నది ఈ కారణమే. హబ్ నుంచి ఛాసిస్ వరకు వెళ్లే వైరు సస్పెన్షన్ కదిలిన ప్రతిసారీ వంగుతుంది, ముందు చక్రాలకైతే స్టీరింగ్‌తో పాటు మెలి కూడా పడుతుంది. సస్పెన్షన్ ఎత్తు పెంచి వైరు పొడవును అలాగే వదిలేసిన బండిలో, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడల్లా అది బిగిసి లాగబడుతుంది. ఏళ్ల తరబడి అలా వంగిన చోట లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి, పై తొడుగు మాత్రం చెక్కుచెదరదు. చక్రం నేల మీద ఉన్నప్పుడు తెగిన కొసలు తగులుకునే ఉంటాయి కనుక మల్టీమీటర్ సరైన రీడింగే చూపిస్తుంది, మెకానిక్ వైరు బాగుందని వదిలేస్తాడు. కొత్త సెన్సార్ వేయగానే దీపం ఆరడం వెనుక ఉన్నది కూడా ఇదే: కనెక్టర్ ఊడదీసి పెట్టడంలో పిన్నుల మీది చిలుము గీసుకుపోతుంది, వైరు కాస్త జరిగి తెగిన కొసలు మళ్లీ కలుస్తాయి.

అందుకే కొలతను ఏబీఎస్ కంప్యూటర్ ప్లగ్గు దగ్గర తీసుకోవాలి. ఇగ్నిషన్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఆ చక్రానికి చెందిన రెండు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూడండి. కాయిల్ సెన్సార్‌కు అది చాలా బండ్లలో 1 నుంచి 2 కిలో ఓముల ప్రాంతంలో ఉంటుంది. మాన్యువల్ లేకపోతే అవతలి వైపు చక్రంతో పోల్చండి. సరఫరా వోల్టేజితో పనిచేసే యాక్టివ్ సెన్సార్లను మాత్రం ఇలా కొలవకూడదు. ఇప్పుడు ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పూర్తిగా వేలాడనిచ్చి, ఒకరు స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి ఆపాక, మరొకరు మీటరు మీద చూపు నిలిపి వైరును అంగుళం అంగుళం వంచుతూ మెల్లగా లాగాలి. మీటరు ఆటో రేంజిలో (కొలత పరిధిని తనంతట తనే మార్చుకునేలా) ఉంటే క్షణకాలపు తెగుడు కనిపించకుండా పోతుంది కనుక రేంజిని చేత్తో ఎంచుకోండి. పోగులు తెగిన చోట వైరు వేళ్లకు మెత్తగా తగులుతుంది, లాగితే సాగుతుంది. ఆ తరువాత ఒక్కో పిన్నుకూ బాడీకీ మధ్య కొలవండి. అక్కడ ఏ రీడింగూ రాకూడదు. వైరును నీళ్లతో తడిపి మళ్లీ కొలిస్తే, వాగు దాటాక మాత్రమే కనిపించే లోపం కూడా దొరుకుతుంది.

తెగిన చోట పోగులు కలిపి టేపు చుడితే అది నిలవదు. వంగే భాగంలో సోల్డర్ పెడితే అక్కడ వైరు బిరుసెక్కి దాని పక్కనే తెగుతుంది. వంగే భాగం మొత్తాన్ని మార్చి, నల్లబడని రాగి కనిపించేదాకా పాత వైరును కోసి, అతుకులను ఛాసిస్ మీద కదలని చోట క్రింపు చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టంతో మూయాలి. రెండు వైర్లనూ పాత వాటిలాగే ఒకదానితో ఒకటి మెలివేసి ఉంచాలి, లేకపోతే పక్క వైర్ల విద్యుత్ రొద సంకేతంలో కలుస్తుంది. పొడవును వేలాడే చక్రంతోనే సరిచూసుకుని, క్లిప్పులను వాటి పాత స్థానాల్లోనే బిగించండి.

టైర్ల కొలతల్లో తేడా, బండికి సరిపోని సెన్సార్ వంటి మిగతా కారణాలు చూసేసరికి తెలిసిపోతాయి. కంప్యూటర్ చెడడం అరుదు, పైవన్నీ తేలాకనే దాని మీద చేయి వేయండి.

మరమ్మతు తరువాత కోడ్ చెరిపి, బండిని తిన్నగా నడుపుతూ, పక్కన కూర్చున్నవారిని స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలూ కలిసి కదులుతున్నాయో లేదో చూడమనండి. కొన్ని బండ్లలో కొంత వేగం దాటేదాకా దీపం ఆరదు, కనుక నిలిపిన చోటే చూసి మరమ్మతు విఫలమైందనుకోకండి.