షుగర్ ఉన్నవారు కొవిడ్ ముప్పును ఎలా అంచనా వేసుకోవాలి?

కొవిడ్ అత్యయిక స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది గానీ, ఆ వైరస్ మన మధ్య నుంచి పోలేదు. అప్పుడప్పుడు కేసులు పెరుగుతూనే ఉన్నాయి. మధుమేహం ఉన్నవారు ఆ వార్త విన్న ప్రతిసారీ తలుపులు బిగించుకుని కూర్చోవలసిన పని లేదు, అలాగని మామూలు జలుబేనని కొట్టిపారేయడమూ తగదు. ఎవరి ముప్పు ఎంతో వారి ఒంటి పరిస్థితిని, వెళ్లే చోటును, జ్వరం వస్తే ఏం చేయాలన్న సిద్ధపాటును బట్టి చాలావరకు అంచనా వేసుకోవచ్చు.

మొదట ఒంటి సంగతి చూడాలి. షుగర్ వల్ల పెరిగే ముప్పు ముఖ్యంగా కొవిడ్ సోకిన తర్వాత జబ్బు ముదరడంలో ఉంది. టీకాలు రాకముందు, 2020లో, ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో కొవిడ్‌తో చనిపోయినవారిలో దాదాపు మూడో వంతు మందికి మధుమేహం ఉంది. వయసు వంటి తేడాలను సరిచేసి చూసినప్పటికీ, షుగర్ లేనివారికంటే టైప్-2 ఉన్నవారికి అలా చనిపోయే ముప్పు సుమారు 2 రెట్లు, టైప్-1 ఉన్నవారికి సుమారు 3.5 రెట్లు ఉన్నట్టు తేలింది. అయితే అదే పరిశీలనలో 40 ఏళ్ల లోపువారికి, షుగర్ ఉన్నా సరే, ప్రాణాపాయం చాలా తక్కువగా కనిపించింది. కాబట్టి కాజీపేటలో ఉద్యోగం చేసుకుంటూ షుగర్‌ను అదుపులో ఉంచుకున్న 35 ఏళ్ల మనిషికీ, కిడ్నీలు దెబ్బతిన్న 70 ఏళ్ల పెద్దమనిషికీ ఒకే జాగ్రత్త చెప్పడం సరికాదు. వయసును మనం మార్చలేం, షుగర్‌ను మార్చగలం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చాలామందికి 7 శాతం దగ్గర ఉండాలని వైద్యులు కోరుకుంటారు. పెద్ద వయసువారికి, షుగర్ పడిపోయే భయం ఉన్నవారికి 8 వరకు ఒప్పుకుంటారు. అది 9, 10 దాటి ఉన్నప్పుడు, కేసులు పెరుగుతున్న రోజుల్లో, తప్పనిసరి కాని రద్దీ ప్రయాణాలను వాయిదా వేసుకుని ముందు మందులు సరిచేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

చోటు విషయంలో గాలి, సమయం రెండూ చూడాలి. ఆరుబయట ఆడే బతుకమ్మకంటే తలుపులు మూసిన ఏసీ ఫంక్షన్ హాలులో గంటలకొద్దీ కూర్చునే పెళ్లి విందు ఎక్కువ ప్రమాదకరం. మేడారం జాతరలో గద్దెల దగ్గరి తొక్కిసలాటతోపాటు, అక్కడికి చేర్చే కిక్కిరిసిన బస్సు గురించి కూడా ఆలోచించాలి. అమ్మవార్ల మీద భక్తి ఉన్నవారిని వెళ్లవద్దని నేను అనను; జాతరకు కొన్ని వారాల ముందే వెళ్లి మొక్కులు చెల్లించుకునేవారు ఎందరో ఉన్నారు, షుగర్ ఉన్న పెద్దవారికి ఆ పద్ధతి నిజంగా అనువైనది. బస్సులో, రైలులో ముక్కును పూర్తిగా మూసే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. మరో మాట, కాళ్లకు స్పర్శ తగ్గినవారు జంపన్న వాగులో చెప్పులు లేకుండా నడవకూడదు. అక్కడ తగిలిన పుండు కొవిడ్‌కంటే ఎక్కువ కాలం బాధించవచ్చు.

టీకా గురించి క్లుప్తంగా చెప్పాలంటే, 2021లో వేసుకున్న డోసులు ఇన్‌ఫెక్షన్‌ను ఆపే శక్తి త్వరగా తగ్గినా, జబ్బు ముదరకుండా కాపాడే శక్తి అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. 60 దాటినవారు మరో డోసు అవసరమా అన్నదాన్ని, దానితోపాటు ఫ్లూ, న్యుమోనియా టీకాలను మీ వైద్యుణ్ని అడిగి నిర్ణయించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది జ్వరం వచ్చిన రోజుకు సంబంధించిన ఏర్పాటు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరిగి, ఏమీ తినకపోయినా షుగర్‌ను ఎగదోస్తాయి. తినడం లేదు కదా అని ఇన్సులిన్ మానేయడం అందుకే ప్రమాదం. టైప్-1 ఉన్నవారు దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ పూర్తిగా ఆపకూడదు, మోతాదు మాత్రం వైద్యుడు మార్చవచ్చు. దీనికి భిన్నంగా, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి గోళీలను తాత్కాలికంగా ఆపమని చెబుతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం గోళీలు వాడేవారికి షుగర్ అంకె పెద్దగా పెరగకుండానే, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. మీరు వాడే గోళీల్లో ఏది ఆపాలో, ఏది ఆపకూడదో ఈసారి దవాఖానకు వెళ్లినప్పుడే అడిగి, చీటీ మీద రాయించుకుని, మందుల డబ్బాలో పెట్టుకోండి.

జ్వరం వచ్చిన రోజునే కొవిడ్ పరీక్ష గురించి అడగాలి. షుగర్‌ను నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి చూసి, సమయంతో సహా రాసి పెట్టాలి. వేలిని గుచ్చే ముందు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. మామిడిపండు ముట్టిన చేతితో పరీక్ష చేస్తే ఆ తీపి రక్తపు చుక్కలో కలిసి అంకె ఎక్కువ చూపిస్తుంది. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. 250 మిల్లీగ్రాములు దాటి వరుసగా రెండుసార్లు వస్తే వైద్యుడికి ఫోన్ చేయాలి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. అన్నం సహించకపోతే పలుచని జొన్న అంబలి, గంజి కొద్దికొద్దిగా తాగవచ్చు. కిడ్నీ, గుండె జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పినవారు మాత్రం ఎంత తాగాలో అడగాలి. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే ఆక్సీమీటర్ పెట్టే వేలికి గోరింటాకు, రంగు ఉండకూడదు, చెయ్యి చల్లగా ఉండకూడదు. ఐదు నిమిషాలు కూర్చున్న తర్వాత 94 కంటే తక్కువ చూపినా, ఆయాసం, ఆగని వాంతులు, మగత, మాట తడబాటు కనిపించినా, ఇక అంకెల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి. ముసలివారు చురుకుదనం తగ్గి ఊరికే పడుకుని ఉంటే దాన్ని అలసట అని వదిలేయవద్దని ఇంట్లోవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను.

స్టెరాయిడ్ల విషయంలో మరింత గట్టిగా ఉండాలి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన రోగులను కాపాడుతుందని, ఆక్సిజన్ అక్కర్లేని వారికి దానివల్ల మేలు లేదని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన తేల్చింది. అయినా 2021 రెండో వేవ్‌లో అవసరం లేనివారికీ అది విరివిగా వాడబడింది. అదుపు తప్పిన షుగర్, స్టెరాయిడ్లు తోడై బ్లాక్ ఫంగస్ అనే ప్రమాదకరమైన బూజు జబ్బుకు దారి వేశాయి. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. అందువల్ల ఊళ్లో ఆర్‌ఎంపీ జ్వరానికి సూది వేస్తానంటే, అందులో స్టెరాయిడ్ ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు. వైద్యుడు నిజంగా అవసరమని స్టెరాయిడ్ ఇస్తే, ఉదయం వేసుకున్న గోళీ ప్రభావం మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువగా కనిపిస్తుంది కనుక పరగడుపు పరీక్ష ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ముఖం ఒకవైపు వాయడం, కన్ను నొప్పి, వస్తువులు రెండుగా కనిపించడం, ముక్కులోంచి నల్లటి స్రావం, పళ్లు కదలడం వంటి బ్లాక్ ఫంగస్ లక్షణాలు ఉంటే అదే రోజు వరంగల్ ఎంజీఎం వంటి పెద్ద దవాఖానలో చూపించుకోవాలి.

కోలుకున్నాక కూడా కొన్ని వారాలు షుగర్ నిలకడగా ఉండకపోవచ్చు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు పెంచిన ఇన్సులిన్ మోతాదును, స్టెరాయిడ్ ఆపిన తర్వాత అలాగే కొనసాగిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని డిశ్చార్జి అయ్యేటప్పుడే ఏ మోతాదును ఎప్పుడు తగ్గించాలో రాయించుకుని, మొదటి వారం రోజూ ఫలితాలను ఫోన్‌లో వైద్యుడికి తెలియజేస్తూ, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోవాలి.