స్పైక్ దిశను ముందుగా పసిగట్టడానికి ఒక ఫోన్ సాధన

వాలీబాల్‌లో కొత్త ఆటగాళ్లు చాలామంది బంతి నెట్ దాటిన తరువాతే కదులుతారు కనుక, కాళ్లలో వేగం ఉన్నా స్పైక్‌ను, అంటే ఎగిరి నెట్ మీదుగా బలంగా కొట్టిన బంతిని, అందుకోలేకపోతారు. అనుభవమున్నవారు స్పైకర్ పరుగు దిశను, భుజం తిరిగిన తీరును, చేయి ఊపును గమనించి, బంతికి చేయి తగలక ముందే దాని దారిని అంచనా వేస్తారు. ఈ చూపును కొంతవరకు ఫోన్‌తోనే అలవరచుకోవచ్చు.

రక్షణ జట్టు వెనుక గీతకు ఆవల, ఆటగాడి కంటి ఎత్తులో ఫోన్‌ను నిలిపి, ఇద్దరు ముగ్గురు స్పైకర్లు కొట్టే 20 బంతులను చిత్రీకరించండి. ఆ తరువాత ప్రతి వీడియోను చేయి బంతిని తాకే క్షణానికి కాస్త ముందు ఆపి, బంతి పక్క గీత వెంట వస్తుందా, అడ్డంగా వస్తుందా అన్నది పైకి చెప్పి, ఆపైన నడిపి సరిచూసుకోండి. జవాబులు ఎక్కువగా సరిపోతున్నప్పుడు, వీడియోను ఇంకా ముందు, అంటే స్పైకర్ నేలను వదిలే క్షణంలోనే ఆపండి. ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది, సాధన ఫలించేదీ ఇక్కడే. రోజుకు 10 నిమిషాలు చాలు, కానీ అదే రోజు కోర్టులోనూ కాసేపు స్పైక్‌లను అందుకోవాలి, ఎందుకంటే నోటితో చెప్పడం వేరు, శరీరాన్ని సమయానికి కదిలించడం వేరు.

బ్లాక్‌కు, అంటే నెట్ దగ్గర ఎగిరి అడ్డుపెట్టిన చేతులకు, తగిలి దారి మళ్లిన బంతికీ, చివరి క్షణంలో వేళ్లతో మెల్లగా జారవిడిచిన బంతికీ ఈ అంచనా పనిచేయదు. అందువల్ల దిశ తెలిసిందనిపించినా బరువంతా ఒకే కాలిపై వేయకండి. మరీ ముందుగా కదిలితే తెలివైన స్పైకర్ ఖాళీ అయిన చోటికే కొడతాడు.