అపార్ట్‌మెంట్‌లో కుక్క అరుపులు తగ్గించడం ఎలా

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ఆ ఫ్లాట్‌లో కుక్క రోజంతా అరుస్తోందండీ" అని ఒకరు పెడతారు. "మా వాడు అసలు నోరే తెరవడు" అని కుక్క యజమాని జవాబిస్తారు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. యజమాని ఇంట్లో ఉన్నంతసేపు అది అరవదు, తాళం పడ్డాక మొదలుపెడుతుంది. అందుకే వాదనకు దిగే ముందు రికార్డింగ్ కావాలి.

పాత ఫోన్ ఒకటి ఛార్జింగ్‌కు పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి హాల్లో వదిలి వెళ్లండి. చిన్న కెమెరా ఉంటే ఇంకా మంచిది, కుక్క ఎటు చూస్తోందో కూడా తెలుస్తుంది. మూడు నాలుగు రోజుల పాటు ప్రతి అరుపుకూ మూడు సంగతులు రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, దానికి ముందు ఏం వినిపించింది. లిఫ్ట్ తలుపు, కాలింగ్ బెల్, చెత్త బండి పాట, కింద బైకు, ఏదైనా సరే రాయండి.

ఆ కాగితం చూస్తే సగం విషయం తేలిపోతుంది. లిఫ్ట్ ఆగగానే మొదలై ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతే అది కాపలా అరుపు. మీరు వెళ్లిన అరగంటలోపే మొదలై, ఊళ పెడుతూ, తలుపు గీరుతూ, చొంగ కారుస్తూ ఉంటే అది ఒంటరితనపు భయం. బాల్కనీలో ఒకే గొంతుతో, ఆగి ఆగి గంటల తరబడి అరుస్తుంటే విసుగు. మీ మొహం చూస్తూ అరిస్తే ఏదో అడుగుతోంది. ముసలి కుక్క ఉన్నట్టుండి రాత్రిళ్లు అరవడం మొదలుపెడితే శిక్షణ సంగతి తర్వాత, ముందు పశువైద్యుడికి చూపించండి. కీళ్ల నొప్పి, వినికిడి తగ్గడం, వయసుతో వచ్చే మతిమరుపు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

తలుపు దగ్గరి అరుపులు

అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా వినిపించేవి ఇవే. కుక్క లెక్క చాలా సూటిగా ఉంటుంది: ఎవరో వచ్చారు, నేను అరిచాను, వాళ్లు వెళ్లిపోయారు. డెలివరీ అబ్బాయి ఎలాగూ వెళ్లిపోయేవాడే, కానీ తన అరుపే పనిచేసిందని దాని నమ్మకం. రోజూ పార్సిళ్లు వస్తుంటే ఆ నమ్మకం రోజూ గట్టిపడుతుంది. మీరు "నోర్ముయ్" అని కేకేస్తే మీరూ దానితో కలిసి మొరిగినట్టే.

మొదట అసలు బెల్లు ఆపండి. స్విచ్ మీద టేపు వేసి, "బెల్ కొట్టకండి, ఫోన్ చేయండి" అని కాగితం అంటించండి. డెలివరీ యాప్‌లలో సూచనలు రాసే చోట కూడా అదే పెట్టండి. పాలు, పేపర్ వేసేవాళ్లకు నోటితో చెప్పండి. శిక్షణ ఫలించలేదని చెప్పే ఇళ్లలో సాధారణంగా తప్పిపోయేది ఇదే. పొద్దున ఐదు నిమిషాలు నేర్పి, రోజంతా అసలు బెల్లు మోగనిస్తే నేర్పింది నిలవదు.

తర్వాత మీ బెల్లు చప్పుడును ఫోన్‌లో రికార్డ్ చేయండి. కుక్క చెవి మాత్రమే కదిలి, నోరు తెరవనంత చిన్న శబ్దంతో వినిపించండి. వినగానే ఉప్పు, మసాలా లేని ఉడికించిన చికెన్ ముక్క ఒకటి పెట్టండి, వేరుశనగ బద్దంత చాలు. వరుస ముఖ్యం: ముందు శబ్దం, తర్వాత తిండి. డబ్బా మూత ముందే తీస్తే అది మూత చప్పుడు నేర్చుకుంటుంది, బెల్లును కాదు. ఒక విడతకు ఎనిమిది పదిసార్లు, ఐదు నిమిషాలు మించకుండా, రోజుకు రెండు విడతలు. బెల్లు వినగానే "ముక్క ఏదీ?" అన్నట్టు మీ వైపు తిరగడం మొదలయ్యాక వాల్యూమ్ ఒక మెట్టు పెంచండి. అరిచిందంటే తొందరపడ్డారన్నమాట, రెండు మెట్లు దిగండి. ఫోన్ శబ్దానికి అలవాటైన కుక్క అసలు బెల్లుకు మళ్లీ అరవవచ్చు, దాన్ని వేరే పాఠంగా ఇంట్లో ఒకరు బయట నిలబడి బెల్లు కొడుతూ నేర్పాలి. చివరగా తలుపుకు కనీసం రెండు మీటర్ల దూరంలో ఒక చాప వేసి, బెల్లు మోగితే దాని మీదకు వెళ్లడం అలవాటు చేయండి. ముక్కలు చాప మీదే పడాలి.

ఇలా పెట్టే తిండిని రోజువారీ భోజనంలోంచి తగ్గించండి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ తగిలినవి, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన షుగర్‌ఫ్రీ పీనట్ బటర్ కుక్కలకు విషం. వాటి జోలికి పోవద్దు.

ఇల్లు సర్దడం

కుక్కను రోజంతా బాల్కనీలో కట్టేయడం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. కింద కదిలే ప్రతి మనిషీ, పిల్లీ, వీధి కుక్కా దానికి కనిపిస్తుంది, అరుపు ఎదురు బ్లాకు దాకా పోతుంది. యుటిలిటీ బాల్కనీ అయితే మరీ కష్టం: డక్ట్ గోడలకు తగిలి శబ్దం పై అంతస్తులన్నిటికీ ఎక్కుతుంది. కుక్కను లోపలి గదిలోకి మార్చండి. గ్రిల్‌కు, కిటికీ అద్దానికి కుక్క కంటి ఎత్తు కన్నా ఓ అడుగు పైదాకా మసక ఫిల్మ్ గానీ, గ్రీన్ షేడ్ నెట్ గానీ కట్టండి. మెయిన్ డోర్ కింది సందుకు రబ్బరు పట్టీ వేయండి. నున్నటి టైల్స్, ఖాళీ గోడల మధ్య అరుపు మారుమోగుతుంది, ఒక జంపఖానా, మందపాటి పరదాలు వేస్తే తేడా తెలుస్తుంది. ఫ్యాను గానీ, టీవీ గానీ తక్కువ శబ్దంతో నడుస్తుంటే లిఫ్ట్ చప్పుడు దానికి అంతగా వినిపించదు.

విసుగు అరుపులకు నడకే మందు. అయితే గొలుసు లాగుతూ పరుగు పెట్టించే నడక కాదు, ఆగి వాసనలు చూడనిచ్చే నడక. వేసవిలో ఎండ ఎక్కకముందే, మళ్లీ పొద్దుగూకాక తీసుకెళ్లండి. అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి. భోజనంలో సగం గిన్నెలో పెట్టకుండా, పాత తువ్వాలులో చుట్టి వెతుక్కోనివ్వండి.

అడిగే అరుపులకు బదులివ్వకండి, దాని వైపు చూడను కూడా చూడకండి. మొదటి రోజుల్లో అరుపు పెరుగుతుంది, అక్కడే చాలామంది ఓడిపోయి బిస్కెట్ ఇస్తారు. అప్పుడు అది నేర్చుకునేది "ఇంకా గట్టిగా, ఇంకా సేపు అరవాలి" అని. కాబట్టి ముందే పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పి మొదలుపెట్టడం మంచిది.

ఒంటరితనపు భయానికి తిట్లూ పనికిరావు, పట్టించుకోకపోవడమూ పనికిరాదు. తాళంచెవులు చేతిలోకి తీసుకుని, చెప్పులు వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చోండి. ఆ గుర్తులకు అది కంగారుపడడం మానేశాక తలుపు బయట పది సెకన్లు, అర నిమిషం, రెండు నిమిషాలు, ఇలా భయం పుట్టేలోపే తిరిగి రావాలి. ఈ వారాల్లో నిజంగా ఒంటరిగా వదలకుండా చుట్టాలో, స్నేహితులో, డే కేరో చూసుకోవాలి. తీవ్రంగా ఉంటే వైద్యులు మందులు కూడా రాస్తారు.

షాక్ కాలర్లు కొనకండి. మెడకు నొప్పి పుట్టినప్పుడు ఎదురుగా పక్కింటి పిల్లాడు ఉంటే, ఆ నొప్పిని కుక్క ఆ పిల్లాడికే ముడిపెట్టుకోవచ్చు. అరుపు ఆగి కరవడం మొదలుకావచ్చు. మనకు వినపడని సన్నటి శబ్దంతో కుక్క నోరు మూయించే అల్ట్రాసోనిక్ పరికరాలు అరవని కుక్కలనూ బాధిస్తాయి.

రాత్రి వీధి కుక్కలు

గేటు బయట గుంపు అరిస్తే లోపలి కుక్కలన్నీ అందుకుంటాయి. తరిమేస్తే ఖాళీ అయిన చోటికి కొత్త గుంపు వచ్చి మళ్లీ హద్దుల గొడవ మొదలవుతుంది. మున్సిపాలిటీకి చెప్పి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించండి. చెవి అంచు కత్తిరించి ఉంటే అది అయినట్టు గుర్తు. కోడి వ్యర్థాలు, మిగిలిన అన్నం మూత లేని డబ్బాల్లో ఉండకూడదు. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023 ప్రకారం తిండి పెట్టే చోటును పిల్లలు ఆడే స్థలానికి, రాకపోకల దారులకు, మెట్లకు దూరంగా అసోసియేషనే చూపాలి.

అసోసియేషన్ పని

బైలా (సొంత నియమం) రాసి కుక్కలను నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతాయి, మెజారిటీ ఓటు ఉన్నా సరే. ఆగని అరుపులు ఇరుగుపొరుగుకు ఇబ్బందేననీ, రాత్రివేళ ముఖ్యంగా శ్రద్ధ పెట్టాలనీ యజమానులకూ అవే చెబుతాయి. కాబట్టి ఫిర్యాదు ఉన్నవాళ్లు ముందు గ్రూపులో కాకుండా నేరుగా వెళ్లి, టైములు రాసిన కాగితం చూపండి. "అంకుల్, మీరు ఆఫీసుకెళ్లాక పదింటి నుంచి పదకొండు దాకా అరుస్తోంది" అంటే దానికి మందు ఉంది. "ఎప్పుడూ అరుస్తుంది" అంటే గొడవే. కుక్కకు విషం పెడతామని బెదిరించేవాళ్లకు భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ గుర్తుచేయాలి, ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు.

కమిటీ రాతపూర్వకంగా మూడు నాలుగు వారాల గడువిచ్చి, అదే గంటల్లో మళ్లీ రికార్డ్ చేయమనాలి. ఎన్నిసార్లు అరిచిందని కాక, రోజుకు మొత్తం ఎన్ని నిమిషాలు, రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య ఎన్ని అని చూడాలి. నిమిషాలు తగ్గుతుంటే గడువు పొడిగించండి. యజమాని ఏమీ చేయకపోతే, కదలనంటే, ఆ కాగితాలతోనే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు.