జర్మేనియం ఫజ్ ఎండకు తెగిపోతుంటే: సమస్య - పరిష్కారం

చంద్రపూర్, బల్లార్‌పూర్, సిరొంచ వైపు టాగ్ స్ట్రిప్ (సోల్డర్ చేసుకునే లోహపు టాగ్‌ల వరుస ఉన్న పట్టీ) మీద ఫజ్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే పెడల్) కట్టుకునేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది మే నెల. ఇక్కడ చెప్పేదంతా 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ తరహా సర్క్యూట్‌కే: రెండు ఏసీ128 పీఎన్‌పీ జర్మేనియం ట్రాన్సిస్టర్లు, 33కే, 8.2కే, 470 ఓమ్, 100కే రెసిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ. ఏదీ విప్పకముందే మీటర్ పెట్టండి. ఎర్ర ప్రోబ్ చాసిస్‌కి, నల్లది రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి. 4.5 వోల్టుల దగ్గర ఉండాలి.

పొద్దున బాగుంది, మధ్యాహ్నం నోటు గరగరలాడి టక్కున తెగుతోంది

మీటర్ 7, 8 చూపిస్తుంది. కారణం లీకేజీ, అంటే బేస్‌కి ఏమీ ఇవ్వకపోయినా ట్రాన్సిస్టర్ గుండా కారే కరెంటు. జర్మేనియంలో అది సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల గదిలో 100 మైక్రోఆంపులు లీకయ్యేది 45 డిగ్రీల్లో 400 దాకా పోతుంది. మొదటి ట్రాన్సిస్టర్ ఆ కరెంటును పెంచి చూపేసరికి రెండోది దాదాపు ఆగిపోతుంది.

8.2కే తీసి 20కే ప్రిసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్) పెట్టి 4.5కు తిప్పండి. బాక్సు పైకి నాబ్‌గా తెస్తే ఇంకా మేలు, ఎందుకంటే మధ్యాహ్నం కుదిరిన సెట్టింగు రాత్రి ప్రోగ్రాంకి కుదరదు.

ప్రిసెట్‌కు లొంగకపోతే ట్రాన్సిస్టర్ తీసి కొలవాలి. ఎమిటర్ బ్యాటరీ ప్లస్‌కి, కలెక్టర్ 2.2కే ద్వారా మైనస్‌కి, బేస్ ఖాళీ. రెసిస్టర్ మీద 0.22 వోల్టు అంటే 100 మైక్రోఆంపులు. 0.66 దాటితే ఈ ప్రాంతానికి పనికిరాదు. వేళ్ల వేడికే అంకె ఎగబాకుతుంది, కాబట్టి ముట్టుకున్నాక ఐదు నిమిషాలు ఆగి చూడండి. తక్కువ లీకేజీ ఉన్నదాన్నే మొదటి స్థానంలో పెట్టాలి.

అసలు శబ్దమే లేదు

టాగ్ స్ట్రిప్‌లో స్క్రూ పట్టే కాలున్న టాగ్ నేరుగా చాసిస్‌కి తగులుతుంది. దానికి సిగ్నల్ వైరు సోల్డర్ చేస్తే సిగ్నల్ గ్రౌండైపోతుంది; ఎక్కువ సైలెంట్ బోర్డుల్లో దొరికేది ఇదే. ఆ తర్వాత కెపాసిటర్ల దిశ: 2.2 మైక్రోఫారడ్ ప్లస్ గిటార్ వైపు, 22 మైక్రోఫారడ్ ప్లస్ గ్రౌండ్ వైపు.

అడాప్టర్ పెడితే పెడల్స్ అన్నీ ఆగిపోతున్నాయి

ఈ సర్క్యూట్‌లో చాసిస్‌కి వెళ్లేది ప్లస్. మామూలు పెడల్స్‌లో మైనస్. ఒకే అడాప్టర్‌ను పంచితే ప్యాచ్ కార్డు ద్వారానే షార్ట్. దీనికి విడిగా బ్యాటరీ ఇవ్వండి.

తడితే చిటచిట, వానాకాలంలో బుస్సుమనడం

పాత రేడియోల నుంచి తీసిన టాగ్‌లు నల్లబడి ఉంటే సోల్డర్ పైపైనే అంటుకుంటుంది. మెరిసేదాకా గీకి, ముందు టాగ్‌కి పలచగా సోల్డర్ పట్టించి, వైరును కొక్కెంలా మెలిపెట్టి బిగించాకే సోల్డర్ చేయాలి. ట్రాన్సిస్టర్ కాలికి క్రోకడైల్ క్లిప్ తగిలించి మూడు సెకన్లలో ముగించండి, లేదంటే లోపల దెబ్బతింటుంది. బుస్సు తగ్గకపోతే పాత కార్బన్ రెసిస్టర్లను ఒక కాలు లేపి కొలవండి. ప్రాణహిత ఒడ్డు తేమకు 33కే విలువ బాగా పెరిగిపోవచ్చు. దాని బదులు మెటల్ ఫిల్మ్ వేయండి, టోన్ ఏమీ పోదు.