భజనలో ‘ఎవడబ్బ సొమ్మని’ వచ్చినప్పుడు

రామదాసు కీర్తన ‘ఇక్ష్వాకు కుల తిలక’ నేర్పుతానని చెప్పినప్పుడు మా భజన బృందంలో ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, “ఆ ఒక్క చరణం వదిలేయమ్మా, దేవుడి ముందు అదేం మాట?” అన్నారు. ఏ చరణమో నేను అడగనక్కరలేకపోయింది, రాముణ్ణి ‘ఎవడబ్బ సొమ్మని’ అని నిలదీసే చరణం. ఆ రోజు వదిలేశాను. ఇంటికి వచ్చాక కీర్తనకే అన్యాయం చేశాననిపించింది. మీకూ ఇదే ఇబ్బంది ఎదురైతే నేను ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది.

పాటకు ముందు ఐదు నిమిషాలు కథ చెప్పండి. రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉంటూ సర్కారు పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. గోల్కొండ నవాబు తానీషా ఆయనను కోటలో ఖైదు చేయించాడు. పన్నెండేళ్ల చెర అంటారు. ఈ పాట అక్కడి నుంచి వచ్చిన మొర అని తెలిశాక వింటే ఆ తిట్టు తిట్టులా వినిపించదు.

తర్వాత నగల పద్దు తీరిగ్గా పాడించండి. ప్రాకారాలకు పదివేల వరహాలు, భరతుడి పచ్చల పతకానికి మరో పదివేలు, సీతమ్మకు చింతాకు పతకం, చివరికి రాముడి కలికితురాయి. తొందరపడకండి. లెక్క పెరిగే కొద్దీ గొంతులో ఉక్రోషం పెరగాలి. అప్పుడు గాని ‘కులుకుచు తిరిగెదవు ఎవరబ్బ సొమ్మని’ అన్న ప్రశ్న దానంతట అది రాదు. జనం నోట అది ‘ఎవడబ్బ’ అయింది. రెంటిలో ఏది పాడినా నాకు అభ్యంతరం లేదు. ‘అబ్బ’ను మాత్రం తీయకండి.

ఎందుకంటే ఆ వెంటనే వచ్చేది, నీ తండ్రి దశరథ మహారాజు పెట్టెనా, లేక నీ మామ జనక మహారాజు పంపెనా అన్న ప్రశ్న. ‘అబ్బ’ బదులు ‘ఎవరి సొమ్మని’ అని దిద్దితే దశరథుడి ఊసు ఎక్కడి నుంచి వచ్చినట్టు? పైగా చివరలో గోపన్న ‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు’ అని వేడుకుంటాడు, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టానంటాడు. తండ్రిని ఎత్తిన ‘అబ్బ’లోనే దెబ్బ తిన్నవాడి ‘అబ్బా’ కూడా నాకు వినిపిస్తుంది. మొదటిది చెరిపేస్తే ఈ క్షమాపణ దేనికో పిల్లలకు అర్థం కాదు.

పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, కళ్లెర్రజేయకండి. ఇంట్లో దుబారా చేసినప్పుడు తాము తినే చివాట్లే రాముడికీ పడ్డాయని వాళ్లకు సంతోషం. ఆ నవ్వు ఆగాక దెబ్బల చరణం మెల్లగా ఎత్తుకోండి. మా దగ్గర గది మొత్తం నిశ్శబ్దమైపోతుంది.

అభ్యంతరం చెప్పిన పెద్దలతో అందరిముందూ వాదించకండి. విడిగా కూర్చుని నిందాస్తుతి, అంటే తిడుతున్నట్టే దేవుణ్ణి కొలవడం, మన దగ్గర పాత సంప్రదాయమని చెప్పండి. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రవిష్ణువును కాసుల పురుషోత్తమ కవి ఒక శతకం పొడుగునా ఇలాగే నిలదీశాడు. అలాగని ఎవరి ఒంటినో కులాన్నో ఎత్తిపొడిచే చతుర్లను దీని చాటున భజనలోకి రానివ్వకండి. గోపన్న నిలదీసింది తన రాముణ్ణి, తన కష్టం చెప్పుకుంటూ.

ఇంత చెప్పినా ఏ పెద్దావిడకైనా ఆ మాట అనడానికి నోరు రాకపోతే బలవంతపెట్టకండి, ఆ చరణం మిగతావాళ్లు పాడతారు. ‘ఆయాసపడవద్దు’ అన్న చరణం మాత్రం ఆవిడనే ఎత్తుకోమనండి.