ఇళ్ల పక్కన బస్టాండ్ వస్తుందంటే ఏం చేయాలి

కాలనీ పక్క ఖాళీ స్థలంలో బస్టాండ్ కడతారట అని వినగానే టెంట్ వేసి ధర్నాకి కూర్చోకండి, ముందు కాగితాలు సంపాదించండి. సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీకి, ఆర్టీసీకి విడివిడిగా దరఖాస్తు పెట్టి, ఆ స్థలం ఊరి మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉంది (ఇళ్లకా, వ్యాపారానికా, ఇంకదేనికైనా కేటాయించారా), బస్సులు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయి అని అడగండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా అభ్యంతరాలు కోరుతూ నోటీసు ఏదైనా వచ్చిందేమో పేపర్లో చూస్తూ ఉండండి, గడువు దాటాక ఎంత అరిచినా దండగే.

"మాకు బస్టాండ్ వద్దు" అని ఊరికే రాస్తే పక్కన పడేస్తారు. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, దాన్ని పట్టుకోండి. గేటు మెయిన్ రోడ్డు వైపు ఉండాలి, ఇళ్ల వైపు ఎత్తైన గోడ కట్టాలి, ఆగిన బస్సు ఇంజిన్ ఆపేయాలి, మరుగుదొడ్ల నీళ్లు వీధి కాలవలో కలవకూడదు అని ఒక్కొక్కటీ విడిగా రాయండి (గోడ పక్కన వచ్చే కంపు సంగతి వేరే చెప్పాలా!). కాలనీలో బస్టాండ్ కావాలనే వాళ్లూ ఉంటారు, వాళ్ల సంతకం కూడా ఈ డిమాండ్లకి దొరుకుతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.